7+ అని ఉన్న గేమ్ పిల్లాడికి ఇచ్చెయ్యొచ్చా? మీరు ఏం చూసి ఇస్తున్నారు?

చిన్నూ వాళ్ళమ్మ:

అందరికీ నమస్తే. మావాడికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. దసరా సెలవులకి తణుకు మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మా అన్నయ్య కొడుకు నా ఫోన్లో ఏదో గేమ్ ఎక్కించాడు, అప్పట్నించి స్కూల్ నుంచి రావడం బ్యాగ్ సోఫాలో పడెయ్యడం ఫోన్ లాక్కోవడం, ఇదే వరస. ఊరు కట్టుకోవాలి, పక్కోడి ఊరి మీదకి సైన్యాన్ని పంపాలి, అంతే, రక్తం గట్రా ఏం లేదు, బొమ్మలు కూడా ముద్దుగానే ఉన్నాయి. ప్లే స్టోర్లో చూస్తే 4.4 స్టార్లు, కోట్లలో డౌన్‌లోడ్లు, 7+ అని ఉంది. మా ఆయనేమో ఏడేళ్ళకే ఆడొచ్చని వాళ్ళే రాస్తే తొమ్మిదేళ్ళోడికి నీ బాధేంటి అంటారు.

మొన్న రాత్రి అన్నం కలిపి పెడుతుంటే స్క్రీన్ మీద మెసేజ్ పడింది, "బ్రో ఏ క్లాస్ నువ్వు, ఏ ఊరు" అని. ఎవర్రా అది అంటే క్లాన్ లీడర్ అన్న అన్నాడు, క్లాన్ అంటే గేమ్‌లో కలిసి ఆడే జట్టట. ఏ అన్న, ఎక్కడి అన్న అంటే తెలీదు. నాకు ముద్ద చేతిలోనే ఆగిపోయింది. తీసేద్దామంటే ఇల్లు పీకి పందిరేస్తాడు, ఉంచుదామంటే భయం. అసలు ఒక గేమ్ మంచిదా కాదా అని మీరు ఎలా తేల్చుకుంటున్నారు? నాకు గేముల గురించి క్యాండీలు పేల్చడం తప్ప ఏం తెలీదు.

బగ్గుల బాబు:

అక్కా, నేను మాదాపూర్లో ఒక చిన్న గేమ్ కంపెనీలో టెస్టర్ని, కాబట్టి లోపలి సంగతి చెప్తా. ఆ 7+ అనేది ఎవరో కూర్చుని గేమంతా ఆడి వేసిన మార్కు అనుకుంటారు చాలామంది. అట్లా ఉండదు. ఐఏఆర్‌సీ అని ఒక పద్ధతి, గేమ్ చేసినవాళ్ళే స్టోర్లో పెట్టేముందు ఒక ప్రశ్నల ఫారం నింపుతారు, కొట్టుకోవడాలు ఉన్నాయా, ఉంటే రక్తం కనిపిస్తుందా, బూతులున్నాయా, జూదం ఉందా ఇలా, ఆ జవాబుల్ని బట్టి అంకె దానంతటదే పడుతుంది. మన దగ్గర 3, 7, 12, 16, 18 వస్తాయి. తప్పుడు జవాబు రాస్తే తర్వాత పట్టుకుని మారుస్తారు, అది వేరే విషయం. కానీ ఆ అంకె ముఖ్యంగా చూసేది తెర మీద ఏం కనిపిస్తుందనే. అవతల కూర్చుని మీవాణ్ణి ఏ ఊరు అని అడిగేవాడు ఎవడో దానికేం తెలుసు.

ఆ అంకె మీద నొక్కి చూడండి, కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంటుంది, యూజర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, గేమ్‌లో కొనుగోళ్ళు ఉన్నాయి, లొకేషన్ షేర్ అవుతుంది, ఇలాంటివి. అంకె కంటే నాకు ఆ లైనే ముఖ్యం. తర్వాత "ఈ యాప్ గురించి" అనే దాంట్లోకి వెళ్ళి చివరిదాకా జరిపితే ఒక్కో ఐటమ్ ఎంత నుంచి ఎంత దాకా అని రేటు ఉంటుంది. పది రూపాయల నుంచి పదివేల దాకా అని ఉందనుకోండి, పిల్లల ఆటలో ఆ పదివేల వజ్రాల మూట (వజ్రాలంటే గేమ్‌లో చెల్లే డబ్బులే) ఎవరి కోసం పెట్టారో మీరే ఊహించుకోండి.

స్టార్లు అసలు పట్టించుకోకండి. మంచి ఊపు మీద గెలిచినప్పుడే "మా గేమ్ నచ్చిందా" అని బాక్స్ వచ్చేలా పెట్టడం ఈ లైన్లో మామూలు, ఆ సంతోషంలో ఎవడైనా ఐదు కొడతాడు. రివ్యూల్లో కొత్తవి, అందులో ఒక్క స్టార్ ఇచ్చినవి మాత్రం ఓ ఇరవై చదవండి. పదిమంది పదిరకాలుగా తిడితే వదిలెయ్యండి, పదిమందీ ఒకే మాట చెప్తుంటే అది నిజమే.

అన్నిటికంటే పెద్ద టెస్టు, మీరే ఆడాలి. కొత్త అకౌంట్‌తో, సౌండ్ పెట్టుకుని, గంటన్నా. మొదటి పది నిమిషాలు ఏ గేమ్‌లోనైనా అత్తారింట్లో కొత్తల్లుడికి జరిగినట్టు మర్యాదలు జరుగుతాయి, వరసగా గెలిపిస్తుంది, బహుమతులిస్తుంది. ఆ తర్వాతే అసలు రంగు. ఈ ఇల్లు కట్టడానికి ఎనిమిది గంటలు ఆగు, ఆగలేవా, అయితే వజ్రాలు కొను. అక్కడ మీకే చిరాకేస్తే మీవాడికి ఏమవుతుందో చూసుకోండి. ఇంకోటి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఓపెన్ చేసి చూడండి, నడిచిందంటే సగం గుండె దడ తగ్గినట్టే, అలాగే ఆడనిస్తే నెట్ లేకుండా ఎవడూ వచ్చి మాట్లాడలేడు. చిన్నపిల్లలకి నేను అలాంటివే చెప్తా.

ఓరుగల్లు నాన్న:

అక్కా మీరు జర నయం, మెసేజ్ చూసిన్రు. నేనైతే బ్యాంకు మెసేజ్‌లు కూడ చూడలె. మా పోరడు ఆరో తరగతి. ఏదో తుపాకుల ఆట, పేరు ఎందుకు తియ్. 29 రూపాయలు, 79, 159, గిట్ల చిన్న చిన్నగ కట్ అయితున్నయ్, నేనేమో రీచార్జ్‌లు, పాల పైసలు అనుకున్న. నెల ఎల్లినంక చూస్తే నాలుగువేల ఎనిమిది వందలు. యూపీఐ పిన్ ఎట్ల తెల్సిందిరా అంటే, కిరాణంల నువ్ కొడుతుంటె చూసిన నాన్నా అన్నడు. వాడు ఎప్పుడు నా పక్కనే నిలబడి చాక్లెట్ల డబ్బా దిక్కు చూస్తున్నడనుకున్న నేను!

గూగుల్ ప్లేల కొన్నదానికి 48 గంటల లోపు అయితే పైసలు వాపస్ అడగొచ్చట, తర్వాత అయితే గేమ్ చేసినోళ్ళనే అడగాలె. నాకు చివరి రెండు మాత్రమే ఆ టైమ్‌ల ఉండె, గవి వచ్చినయ్, 238 రూపాయలు. మిగతాది దసరా ఖర్చు అనుకున్న. ఇప్పుడు ప్లే స్టోర్ సెట్టింగుల్ల ప్రతి కొనుడుకు పాస్‌వర్డ్ అడగాలె అని పెట్టిన, పిన్ మార్చిన, నా ఫోన్ల యూపీఐ లైట్ కూడ బంద్ చేసిన, ఎందుకంటే దాంట్ల చిన్న పేమెంట్లకు పిన్నే అక్కర లేదు గద. ముందు పైసల తలుపు మూసినంకనే గేమ్ మంచిదా చెడ్డదా అని చూడున్రి.

కాఫీ కప్పు:

ఇంత భయం ఎందుకండీ, ఫోన్ ఇవ్వకపోతే సరి. మా చిన్నప్పుడు గోళీలు, ఏడుపెంకులు ఆడలేదా.

చిన్నూ వాళ్ళమ్మ:

ఆడామండీ, మా అపార్ట్‌మెంట్లో ఐదో ఫ్లోర్లో ఏడుపెంకులు ఎక్కడ పేర్చాలో మీరే చెప్పండి 🙂

డల్లాస్ దోసె:

ఇక్కడ మా పాపకి పదేళ్ళు, క్లాసులో అందరూ రోబ్లాక్స్. మన దగ్గర కూడా బానే ఆడుతున్నారుగా. దాని గురించి ఒక్క మాట చెప్పాలి, అది ఒక గేమ్ అనుకుని మంచిదా కాదా అని అడిగితే జవాబే ఉండదు. అదొక సంత. లోపల ఎవరెవరో చేసిపెట్టిన ఆటలు లెక్కలేనన్ని, ఒక కొట్లో పుల్లైసు, పక్క కొట్లో ఏముందో లోపలికెళ్తేగానీ తెలీదు. ఒక్కో ఆటకీ విడిగా లేబుల్ ఉంటుంది, మినిమల్, మైల్డ్, మోడరేట్, రిస్ట్రిక్టెడ్ అని, పేరెంట్ అకౌంట్ కలుపుకుంటే ఎక్కడిదాకా వెళ్ళొచ్చో మనం గీత గియ్యొచ్చు. 2024 నవంబర్లో పదమూడేళ్ళ లోపు పిల్లలు ఆటల బయట ఎవరికీ నేరుగా మెసేజ్ పెట్టకుండా మార్చారు, ఆ తర్వాత చాట్‌కి ముఖం చూపించి వయసు తేల్చుకునే చెక్ కూడా తెచ్చారు.

ఇవన్నీ ఉన్నాయని నేను ధీమాగా ఉన్నా. తీరా చూస్తే మా పాప అకౌంట్ తెరిచినప్పుడు పుట్టిన సంవత్సరం అడిగితే చక్రం తిప్పి ఎక్కడ ఆగితే అక్కడ 1994 పెట్టేసింది. అంటే దాని లెక్కలో నాకంటే రెండేళ్ళే చిన్న! పిల్లలకని పెట్టిన కంచెలు చాలావరకు దానికి వర్తించట్లేదు. మీవాడి గేమ్‌లో కూడా ముందు అది చూడండి, ఏ పుట్టినరోజు మీద నడుస్తోందో. మీ ఫోన్, మీ గూగుల్ అకౌంట్ అయితే వాడు మీ వయసువాడే దాని దృష్టిలో. పిల్లల ఫోన్ వాడకం మనం చూసుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌లో వాడికి విడిగా పిల్లల అకౌంట్ చెయ్యండి, ఐఫోన్ అయితే ఫ్యామిలీ షేరింగ్‌లో "ఆస్క్ టు బై" ఉంటుంది, వాడు ఏం కొనాలన్నా ముందు మనల్ని అడుగుతుంది.

పెద్ద పేరున్న గేమ్ కదా అని కూడా నమ్మకం పెట్టుకోవద్దు. ఫోర్ట్‌నైట్ చేసిన ఎపిక్ గేమ్స్ మీద ఇక్కడ ఎఫ్‌టీసీ (కొనుక్కునేవాళ్ళ తరఫున చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) కేసు వేస్తే 2022 డిసెంబర్లో 52 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది, అందులో 24.5 కోట్లు పొరపాటున నొక్కి కొనేసేలా బటన్లు పెట్టారన్న ఆరోపణ మీద జనానికి తిరిగివ్వడానికి, మిగతాది పిల్లల వివరాలు తల్లిదండ్రుల్ని అడక్కుండా తీసుకున్నారన్న దానికి. పిల్లలకి ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాటలు ముందే ఆన్ చేసి ఉంచారన్నది కూడా ఆ కేసులో ఉంది. మీ ముద్ద ఆగిపోయిన సంగతి చదివితే నాకు అదే గుర్తొచ్చింది.

బెజవాడ టీచరు:

యాడ్స్ గురించి ఎవరూ అనలేదు. మా చంటిదానికి నాలుగేళ్ళు, రంగులేసే గేమ్ ఒకటి, నెమలికి తోక రంగు వేస్తుంది, మధ్యలో యాడ్, ఎవరో చేతిలో పేకముక్కలు పట్టుకుని నోట్లకట్టలు చూపిస్తున్నాడు. మూసే గుర్తు ఆవగింజంత, అదీ ఐదు సెకన్ల తర్వాత, దాని చిట్టివేలు ఎక్కడ పడుతుంది చెప్పండి, సరిగ్గా ఇన్‌స్టాల్ మీదే. డబ్బులు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణలో 2017లో, మన ఆంధ్రాలో 2020లో ఆపారు, 2025 ఆగస్టులో కేంద్రం దేశం మొత్తానికీ చట్టం తెచ్చింది. అయినా దొడ్డిదారిన లింకుల మీద వస్తూనే ఉన్నాయి.

మా క్లాసు పిల్లల దగ్గర విన్నది ఇంకోటి. స్టోర్లో లేని గేమ్ కావాలంటే "అన్న లింక్ పంపాడు టీచర్" అంటారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే తుపాకుల గేమ్ బ్యాన్ చేశాక అది దొరకదని తెలిసీ ఏపీకే ఫైళ్ళు, అంటే స్టోర్ లేకుండా నేరుగా ఫోన్లో ఎక్కించుకునేవి, ఒకరి నుంచి ఒకరికి పంపుకున్నారు. స్టోర్ బయటి నుంచి వచ్చినదానికి అంకె లేదు, లైన్ లేదు, ఏమీ లేదు, దాన్ని మంచిదా చెడ్డదా అని చూడాల్సిన పని కూడా లేదు, తీసెయ్యడమే. రంగుల గేమ్ మైక్, కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగినా అంతే.

చిన్నూ వాళ్ళమ్మ:

అందరికీ థాంక్స్ అండీ. ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నా. నాకు రాదు నేర్పరా అన్నా, వాడికి ఒకటే సంబరం, నాకు గురువు అయిపోయాడు. బాబుగారు చెప్పినట్టే మొదట్లో మర్యాదలే మర్యాదలు. కాసేపటికి 89 రూపాయల పెట్టె, పైన గడియారం వెనక్కి తిరుగుతోంది, ఈరోజు పోతే మళ్ళీ రాదని. ఇది మళ్ళీ రాదా అనడిగితే మావాడు నవ్వి, రోజూ వస్తుందమ్మా అన్నాడు. వాడికి ఆ మాయ నాకంటే ముందే తెలుసు!

ఆ తర్వాత మెల్లిగా క్లాన్ ఓపెన్ చేయించా. 43 మంది. ఇందులో నీకు మొహం తెలిసినవాళ్ళు ఎంతమందిరా అంటే వేళ్ళు లెక్కపెట్టుకుని ఆరుగురు అన్నాడు, నలుగురు క్లాసువాళ్ళు, ఇద్దరు తణుకులో. ఆ లీడర్ అన్నకి ఏ ఊరని చెప్పావు అంటే కాసేపు తల దించుకుని, ఊరు చెప్పాను, స్కూల్ పేరు చెప్పలేదు అన్నాడు. తిట్టలేదు. ఫోటో పంపమన్నాడా అని అడిగా, లేదన్నాడు, నమ్మాను. లీడర్ని బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టాం, మా ఆయన పక్కనే కూర్చుని చూసి ఈసారి ఏమీ అనలేదు.

ఇప్పుడు సమస్య ఏంటంటే క్లాన్లోంచి వచ్చేస్తే ఆ నలుగురు ఫ్రెండ్స్‌తో ఆడలేనని ఏడుపు.

బగ్గుల బాబు:

వాళ్ళ నలుగురికీ వేరే క్లాన్ పెట్టించండి అక్కా, చేరాలంటే అనుమతి కావాలి అనే సెట్టింగ్ ఉందేమో చూసి పెట్టండి. లీడర్ మాత్రం మీరే ఉండండి.

చిన్నూ వాళ్ళమ్మ:

పెట్టేశాం. ఇద్దరు అమ్మలు కూడా చేరారు. పేరు వాడే పెట్టాడు, "పులిహోర సేన". నిన్న నా ఊరి మీద దాడి జరిగి గోడలన్నీ పోయాయి, స్కూల్ నుంచి రాగానే వాడే కట్టిపెడతానన్నాడు.