స్పీచ్ సైన్స్ పత్రిక సంపాదకత్వం తీసుకుంటున్నాను, ముందుగా ఏ పని చూడాలి?

కర్నూలు_అధ్యాపకురాలు
ఒక చిన్న పరిషత్తు నడిపే స్పీచ్ సైన్స్ (మాటల ధ్వనులను పరిశీలించే శాస్త్రం) పత్రికకు వచ్చే సంచిక నుంచి నేను సంపాదకురాలిని. పాత సంపాదకులు పదవీ విరమణ చేస్తూ ఈమెయిల్ పాస్‌వర్డు, ఒక ఎక్సెల్ పట్టిక అప్పగించారు. కొన్ని వ్యాసాలు సమీక్షకుల దగ్గర ఉన్నాయి. కొన్నింటి పక్కన ‘ఆమోదం’ అని ఉంది కానీ అచ్చుకు వెళ్ళలేదు. మరికొన్నింటికి అసలు జవాబే వెళ్ళినట్టు లేదు. మన రాయలసీమలో ఇలాంటి బాధ్యత మోసినవారు ఉంటే మొదట్లో ఏమి చేశారో చెప్పండి.

అనంత_భాషాశాస్త్రం
మేడం, ముందు జవాబు వెళ్ళని రచయితలకు ఉత్తరాలు రాయండి. మిగతావన్నీ ఆ తర్వాతే. ‘మీ వ్యాసం నా దగ్గర ఉంది, ఫలానా తేదీలోగా నిర్ణయం చెబుతాను’ అంటే చాలు. ఒకచోట పరిశీలనలో ఉన్న వ్యాసాన్ని మరో పత్రికకు పంపకూడదు కదా. మనం మౌనంగా ఉన్నంతకాలం వాళ్ళు అటూ ఇటూ కదలలేరు. పీహెచ్‌డీ విద్యార్థులకైతే ఆ నిరీక్షణ మరీ భారం.

‘ఆమోదం’ అని ఉన్నవాటిని తిరగదోడకండి. ప్రచురణ నైతికత కోసం 1997లో ఏర్పడిన కోప్ సంస్థ ఇదే చెబుతుంది: తీవ్రమైన లోపం బయటపడితే తప్ప పాత సంపాదకుల నిర్ణయాన్ని కొత్తవారు రద్దు చేయకూడదు.

కడప_ధ్వని
నియమం సరైనదే. కానీ మన రంగంలో తీవ్రమైన లోపం వ్యాసం చదివితే కనబడదు, రికార్డింగు వింటే కనబడుతుంది. నేను సమీక్షకుడిగా తరచూ చూసేది ఇది. ధ్వనిని కొలిచే ప్రాట్ ప్రోగ్రాంలో ఫార్మెంట్ల (నోటి, గొంతు మార్గంలో బలంగా ప్రతిధ్వనించే పౌనఃపున్యాల) గరిష్ఠ పరిమితి ముందే 5500 హెర్ట్జ్‌గా ఉంటుంది. అది ఆడగొంతుకు సరిపోయే విలువ. మగగొంతుకు 5000 దగ్గర పెట్టాలి, చిన్నపిల్లలకు ఇంకా పైకి పోవాలి. అందరికీ 5500తోనే కొలిచేస్తే పిల్లల గొంతులో లేని ఫార్మెంటును కూడా ఆ ప్రోగ్రాం వెతికి చూపిస్తుంది. పట్టిక ముచ్చటగా ఉంటుంది, అ, ఇ, ఉ లాంటి అచ్చుల కొలతలు మాత్రం తప్పు.

ఫోనులో చేసిన రికార్డింగుల సంగతీ చూడండి. సెకనుకు 8000 నమూనాలతో తీసిన రికార్డింగులో 4000 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. ‘స’ పలికేటప్పటి గాలి ఒరిపిడి శబ్దపు శక్తి ఎక్కువభాగం ఆ పైనే ఉంటుంది. అలాంటి రికార్డింగుతో స, శల తేడా గురించి రాసిన వ్యాసాన్ని, ఎవరు ఆమోదించి ఉన్నా సరే, నేను అచ్చుకు పంపను.

అనంత_భాషాశాస్త్రం
అది తీవ్రమైన లోపమే, ఒప్పుకుంటాను. అయినా రద్దుకు ముందు రికార్డింగులు పంపి మళ్ళీ కొలవమని రచయితను అడగాలి. ఆ అవకాశం ఇవ్వకుండా తిప్పి పంపడం అన్యాయం.

ఆదోని_స్పీచ్_థెరపీ
రికార్డింగులు తెప్పించుకునేటప్పుడు అనుమతి పత్రాలు కూడా అడగండి అక్కా. పేరు తీసేసినా గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టవచ్చు. నా దగ్గరికి నత్తితో వచ్చే పిల్లల తల్లిదండ్రులు పరిశోధనకు ఒప్పుకుంటారు, ఆ శబ్దం ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒప్పుకోరు. ఆ రెండు అనుమతులూ వేరువేరుగా ఉండాలి.

సమీక్షకుల విషయం ఒకటి. రచయిత పేరు దాచినా ‘ఆదోని పరిసరాల్లో ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే పిల్లలు’ అని చదవగానే అది ఎవరి పనో మాకు తెలిసిపోతుంది. అందుకే ఒక్కరినైనా బయటినుంచి, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలాంటి చోటినుంచి తీసుకోండి. ‘రచయితతో మీకు సంబంధం ఉందా’ అని ప్రతి సమీక్షకుడినీ ముందే అడగండి.

కడప_గ్రంథాలయం
పత్రిక పేరు మార్చమని ఎవరైనా అంటే వినకండి. సంపాదకులు మారినా ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికను గుర్తించే సంఖ్య) అదే ఉంటుంది, పేరు గణనీయంగా మారితే మాత్రం కొత్తది తీసుకోవాలి. ఆ పేరు మీద హక్కు ఎవరిదో కూడా కాగితం మీద చూసుకోండి. 2015లో ‘లింగ్వా’ అనే భాషాశాస్త్ర పత్రిక సంపాదకులు మూకుమ్మడిగా రాజీనామా చేసినప్పుడు పేరు ప్రచురణకర్తల దగ్గరే ఉండిపోయింది. ఆ సంపాదకులు ‘గ్లోసా’ అనే కొత్త పేరుతో మొదలుపెట్టవలసి వచ్చింది.

నమ్మదగిన పత్రికలకు విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) పెట్టిన కేర్ జాబితాలో ఉందా అని ఇంకా అడుగుతుంటారు. ఆ జాబితాను యూజీసీ 2025లో ఆపేసింది. ఇప్పుడు పత్రిక విలువను చూపించుకోవలసింది మీ సమీక్ష పద్ధతితోనే, కనుక దాన్ని వెబ్‌సైట్‌లో వివరంగా రాసి పెట్టండి.

కర్నూలు_అధ్యాపకురాలు
అందరికీ కృతజ్ఞతలు. జవాబు వెళ్ళని రచయితలకు ఈ వారమే ఉత్తరాలు పంపుతాను. ‘ఆమోదం’ ఉన్నవాటిలో ఒకటి పిల్లల అచ్చుల మీద వ్యాసం. ఫార్మెంటు పరిమితి ఎంత పెట్టారో అందులో ఎక్కడా లేదు. రచయితను రికార్డింగులు, అనుమతి పత్రాలు అడుగుతున్నాను. కడప_ధ్వని గారూ, రచయిత ఒప్పుకుంటే ఆ కొలతలు మీరు ఒకసారి సరిచూడగలరా?

కడప_ధ్వని
తప్పకుండా మేడం. కుదించిన ఎంపీ3లు కాకుండా అసలు వేవ్ ఫైళ్ళే పంపమనండి.