బీరువాలో బూజు: తేమ పీల్చే డబ్బా పెట్టినా తగ్గలేదు, ఏం చేయాలి?

ప్రశ్న (కోవూరు)
అన్నలూ, అక్కలూ, మా ఇంటికి మూడు పక్కలా వరి చేలే. అక్టోబరు వానలు పట్టుకున్నప్పటి నుంచి పడకగదిలో ఇనప బీరువా తెరిస్తే గుప్పున బూజు వాసన కొడతా ఉంది. అడుగు అరలో దుప్పట్ల మీద, తోలు బెల్టు మీద తెల్లగా పొడి మాదిరి పడతా ఉంది. తేమ పీల్చే డబ్బాలు రెండు తెచ్చి, ఒకటి గదిలో బల్ల మీద, ఒకటి బీరువాలో పెట్టాం. బీరువాలోది తొమ్మిది రోజులకే నిండిపోయింది. గదిలోది సగం నిండింది కానీ తేడా ఏం తెలియలా. బీరువా వెనక గోడకు నల్ల మచ్చలు కూడా ఉండాయి. ఇంకా ఎన్ని డబ్బాలు పెట్టాలి? వాటికి బదులు సున్నమో రాళ్ళుప్పో పెట్టొచ్చా? పై అరలో పట్టుచీరలు ఉండాయి, వాటి గురించే భయం.

జవాబు (రసాయనాల అంగడి, నెల్లూరు)
గదిలో పెట్టిన డబ్బా తీసి బీరువాలోకే మార్చండి అక్కా. లెక్క చూడండి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 34 ఘనమీటర్ల గాలి ఉంటుంది. 28 డిగ్రీల వేడిలో తేమ 85 శాతం ఉంటే ఆ గాలిలో దాదాపు 780 గ్రాముల నీళ్ళున్నట్టు. దాన్ని 60 శాతానికి దించాలంటే 230 గ్రాములు తీయాలి. అది మాత్రమే అయితే ఒక డబ్బా చాలు. కానీ తలుపు సందుల్లో నుంచి, కిటికీల్లో నుంచి బయటి గాలి లోపలికి వస్తానే ఉంటుంది. డబ్బా వారాల తరబడి పీల్చేదాన్ని బయటి గాలి ఒకటి రెండు గంటల్లో తెచ్చిపోస్తుంది. తలుపు మూస్తే బయటి గాలి పెద్దగా చొరని చోటే ఈ డబ్బా పనిచేసేది: బీరువా, అటక మీద పెట్టె, చెప్పుల గూడు.

తొమ్మిది రోజులకే నిండిందంటే అది పనిచేసినట్టే. బీరువాలో గాలి ఒక ఘనమీటరు కూడా ఉండదు, నీళ్ళుండేది బట్టల్లో. 20 కిలోల నూలు బట్టలు వానాకాలం గాలికి అరకిలోకు పైగా అదనంగా తేమ పట్టుకుంటాయి, చేత్తో తాకితే మనకు తెలియదు. మొదటి డబ్బా, రెండో డబ్బా ఆ నీళ్ళే తాగుతాయి. మూడోది నిదానిస్తుంది. మూడోది కూడా అంతే వేగంగా నిండితే బీరువా తలుపు సరిగ్గా మూసుకోవడం లేదని, లేదా వెనక గోడ నీళ్ళిస్తా ఉందని అర్థం.

డబ్బాలో ఉండేది కాల్షియం క్లోరైడు. 70, 80 శాతం తేమలో తన బరువుకు రెండు మూడు రెట్లు నీళ్ళు లాగి ద్రవమైపోతుంది. నింపుకోవడానికి విడిగా పలుకులు కూడా దొరుకుతాయి. ఒకదాంట్లో ఒకటి వేలాడేలా రెండు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకొని, పైదాని అడుగున చిన్న బెజ్జాలు పెట్టి, అందులో 300 గ్రాముల పలుకులు పోయండి. కింద డబ్బా లీటరు పట్టేది ఉండాలి. ఇనుము, అల్యూమినియం గిన్నెలు మాత్రం వద్దు, తినేస్తుంది.

రాళ్ళుప్పు పనికిరాదు. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీళ్ళు లాగుతుంది, అంతకంటే కిందికి దించలేదు. బూజు మాత్రం 70 దాటితే చాలు, లేచే అవకాశముంది. నీళ్ళు పోసి చల్లార్చిన సున్నం కాదు, నీళ్ళు తగలని రాతి సున్నం అయితే కిలోకు 320 గ్రాముల నీళ్ళు పీలుస్తుంది. కానీ పీల్చేటప్పుడు వేడెక్కి, ఉబ్బి, పిండిలా రాలుతుంది. కంట్లో పడితే చూపుకే ముప్పు. పిల్లలున్న ఇంట్లో వద్దు.

జవాబు (చేనేత చీరల వ్యాపారం, వెంకటగిరి)
పట్టు, జరీ ఉన్న అరలో కాల్షియం క్లోరైడు డబ్బా అస్సలు పెట్టవద్దమ్మా. ఒలికితే ఆ నీళ్ళు ఆరవు, గాలిలో తేమ లాక్కుంటా అట్టే తడిగా ఉంటాయి. జరీ నల్లబడుతుంది, బీరువా తుప్పు పడుతుంది, తోలు ముడుచుకుపోతుంది. డబ్బాను అన్నిటికంటే కింది అరలో, లోతైన ప్లాస్టిక్ ట్రేలో నిలబెట్టండి. ఒలికితే తడిగుడ్డతో నాలుగైదుసార్లు నీళ్ళు మార్చి తుడవాలి. బట్ట మీద పడితే వెంటనే జాడించాలి.

చీరల అరకు సిలికా జెల్ గుళికలు వాడండి. తన బరువులో మూడో వంతుకు కొంచెం తక్కువ తేమ పట్టుకుంటుంది కానీ ఎప్పటికీ పొడిగానే ఉంటుంది. అరకు 200 గ్రాములు, పల్చటి నూలు సంచుల్లో కుట్టి మూలల్లో పెట్టండి. నీలం రంగు గుళికల్లో కోబాల్టు ఉంటుంది, అది విషం, నారింజ రంగువి తీసుకోండి. రంగు మారగానే సంచి విప్పి, వంటకు వాడని పాత మూకుడులో సన్నమంట మీద కలుపుతా ఉంటే రంగు తిరిగొస్తుంది. మంట పెంచితే గుళికలు పగిలి పాడవుతాయి.

చీరలను ప్లాస్టిక్ కవర్లో నుంచి తీసి పాత తెల్ల పంచె ముక్కలో చుట్టండి. ప్లాస్టిక్ లోపలున్న చెమ్మను బయటికి పోనివ్వదు. కలరా ఉండలు పురుగు కోసమే, అవి తేమ పీల్చవు. చీరల్లో తెల్ల మచ్చ కనిపిస్తే నీళ్ళు తగిలించకుండా నీడలో ఆరవేసి, మెత్తని బ్రష్షుతో ఇంటి బయట దులిపి, తర్వాత డ్రై క్లీనింగుకు ఇవ్వండి.

జవాబు (మేస్త్రీ, కావలి)
వెనక గోడ సంగతి తేల్చకుండా డబ్బాలు కొనొద్దు. బీరువాను గోడకు నాలుగు అంగుళాలు జరపండి. గోడ మీద అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితం నాలుగు పక్కలా టేపుతో గాలి చొరకుండా అతికించండి. ఒకటి నేలకు దగ్గరగా, ఒకటి నాలుగడుగుల ఎత్తులో. రెండు రోజుల తర్వాత చూడండి. కాగితం వెనక, అంటే గోడ వైపు తడి ఉంటే నీళ్ళు గోడలో నుంచి వస్తున్నట్టు. బయటి ముఖం మీద చెమట పడితే గది గాలిలో తేమ ఎక్కువున్నట్టు.

నల్ల మచ్చలు పొడిగుడ్డతో రుద్దొద్దు, పొడి గాల్లోకి లేస్తుంది. ముక్కుకు మాస్కు కట్టుకొని, ముందు సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, తర్వాత 4 లీటర్ల నీళ్ళలో ఒక కప్పు ద్రవ బ్లీచు కలిపి రాసి, పది నిమిషాలాగి కడగండి. బ్లీచులో యాసిడ్ గానీ, మరుగుదొడ్డి శుభ్రం చేసే ద్రవం గానీ కలపవద్దు, ప్రాణాపాయమైన వాయువు పుడుతుంది.

ప్రశ్న అడిగినవారు
అన్నా, రెండు రోజులు ఆగి చూశాం. కింద కాగితం వెనక అంతా తడి, పైది రెండు వైపులా పొడిగా ఉంది. ఆ గోడకు అవతల స్నానాలగది.

జవాబు (మేస్త్రీ, కావలి)
అదే కారణమై ఉండొచ్చు అక్కా. రెండు రోజులు ఆ స్నానాలగది వాడకుండా ఆపి, కొత్త కాగితం అతికించండి. తడి తగ్గితే టైల్స్ సందుల్లో నుంచో, నీళ్ళు పోయే జాలీ చుట్టూ నుంచో ఇంకుతా ఉంది. పాత సిమెంటు గీకి ఆ సందులన్నీ మళ్ళీ పూడ్చాలి. తగ్గకుంటే గోడలో పైపు కారుతా ఉండొచ్చు. అప్పుడు మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీళ్ళ మట్టం గుర్తు పెట్టి, ఒక రాత్రి చూడండి. తెల్లారికి మట్టం తగ్గితే ఎక్కడో పైపు కారుతున్నట్టు.

గోడ పక్క పూత తీసినా వెంటనే రంగు వేయొద్దు. ఇటుక ఆరడానికి కొన్ని నెలలు పడుతుంది. జనవరి ఎండలు మొదలయ్యాక మళ్ళీ అదే ప్లాస్టిక్ కాగితం అతికించి చూసి, వెనక పొడిగా ఉంటేనే పూత పెట్టించండి.

జవాబు (రసాయనాల అంగడి, నెల్లూరు)
ఒక మాట చేర్చాలి. 300, 400 రూపాయల తేమ మీటరు ఒకటి బీరువాలో పెట్టుకోండి. 60 శాతం లోపు ఉంటే డబ్బా మార్చే పని లేదు. నిండిన నీళ్ళను మొక్కలకు పోయవద్దు, ఉప్పుతో చచ్చిపోతాయి. మురుగుకాలువలో ధారాళంగా నీళ్ళతో కలిపి వదలండి. వానాకాలంలో ఎయిర్ కూలర్ ఆ గదిలో నడపవద్దు, తడి బట్టలు ఆ గదిలో ఆరవేయవద్దు.