నెల్లూరు జిల్లా పాత రికార్డులు మద్రాసులో ఎక్కడ చూడొచ్చు?

కోడంబాకం కిట్టు:
అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ వాళ్ళది ఆత్మకూరు దగ్గర ఒక పల్లె. ఊరి చెరువులో కొంత భాగం ఎవరిదో పట్టా భూమి అని ఈమధ్య కాగితాలు పుట్టుకొచ్చాయి. పెద్దవాళ్ళంతా అది చెరువేనంటారు గానీ చూపించడానికి చేతిలో ఏమీ లేదు. అక్కడ ఒక ఆఫీసులో అడిగితే “అంత పాతవి మా దగ్గర లేవు, మద్రాసులోనే ఉండిపోయి ఉంటాయి” అని పంపేశారు. మద్రాసులో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి పని నా నెత్తిన పడింది. ఎక్కడ మొదలుపెట్టాలి? తమిళం మాట్లాడతాను, చదవడం అంతంత మాత్రం.

పాతకాగితం:
తమిళం గురించి టెన్షన్ వద్దు కిట్టు గారూ. ఆ కాలపు జీవోలు దాదాపు అన్నీ ఇంగ్లీషే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరుకు సెక్రటేరియట్ అంటే సెయింట్ జార్జి కోటే. ఆ కాగితాలు ఎగ్మూరులో, గాంధీ ఇర్విన్ రోడ్డు మీదున్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఒకప్పటి మద్రాసు రికార్డ్ ఆఫీసు అదే. సెక్రటేరియట్ ఉత్తర్వులు, రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్సు అక్కడే చూడాలి.

కానీ వెళ్ళి “మా ఊరి చెరువు కాగితం కావాలి” అంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. డిపార్టుమెంటు, నంబరు, తేదీ, ఈ మూడూ ఉంటేనే కాగితాల కట్ట బయటికొస్తుంది. వాటిని పాత ఇండెక్సుల్లో మనమే పట్టుకోవాలి. ఊరి పేరు ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగుతో ఉంటుంది. తాలూకా పేరు కింద చూడండి, చెరువుల కింద చూడండి, మరమ్మతుల పద్దు కింద కూడా చూడండి. మా ఊరి సంగతి నాకు చివరికి దొరికింది ఆ మరమ్మతుల దగ్గరే. చెరువు కట్ట తెగితే బాగుచేయించడానికి డబ్బు మంజూరు చేసిన ఉత్తర్వు అది. దానికి జతచేసిన పటం మడతల దగ్గర చిరిగి, సర్వే నంబరు సరిగ్గా ఆ చిరుగులోనే పోయింది! వెనక పేజీలో కరణం వాంగ్మూలంలో అదే నంబరు మళ్ళీ రాసి ఉండబట్టి బతికిపోయాను.

దొరికిన ప్రతి నంబరూ, తేదీతో సహా అక్కడికక్కడే రాసుకోండి. కాపీ తర్వాతైనా తెచ్చుకోవచ్చు, నంబరు పోతే మళ్ళీ మొదటికే.

ఒంగోలు శీను:
అన్నా, ఒక్క మాట. చెరువు గొడవకు జీవో కంటే ముందు డైగ్లాట్ కావాలి. అదే, ఆర్.ఎస్.ఆర్., ఊరి భూముల పాత రిజిస్టరు. ప్రతి సర్వే నంబరుకు ఎదురుగా జిరాయితీనా (పట్టా భూమి), ఇనామా, పోరంబోకా (ప్రభుత్వ భూమి) అని అందులో ఉంటుంది. ఆన్‌లైన్ అడంగల్లో ఎవరి పేరు ఎక్కినా సరే, ఇందులో చెరువు పోరంబోకు అని ఉంటే మీ మాటకు బలం వస్తుంది. అది మద్రాసులో వెతకాల్సింది కాదు, నెల్లూరు వైపే అడగాలి. ఇంకోటి, మీది రైత్వారీ ఊరా (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేది), జమీందారీ ఊరా కనుక్కోండి. వెంకటగిరి లాంటి జమీల కింది ఊళ్ళయితే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్మెంటు కాగితాలు చూడాలి.

అడయారు అత్తయ్య:
కోట్టూర్‌పురం అన్నా లైబ్రరీ భవనంలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది బాబూ. కంపెనీ కాలపు సర్వే అధికారి మెకంజీ పోగుచేయించిన గ్రామ కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, అక్కడ తెలుగులోనే ఉన్నాయి. మీ చెరువు ఎవరు తవ్వించారో కూడా ఉండొచ్చు. 2011లో ఆ లైబ్రరీని పిల్లల ఆసుపత్రి చేస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటిస్తే హైకోర్టు ఆపింది. కొందరు కోర్టుకెళ్ళారు. లేకపోతే ఆ చదువుల గది ఈపాటికి వార్డు అయ్యేది.

ఒంగోలు శీను:
కైఫీయత్తు చదవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది అత్తయ్యా. ఎమ్మార్వో మాత్రం రిజిస్టరే అడుగుతాడు.

తెల్లకోటు నల్లకోటు:
ఆ రిజిస్టరు కోసం ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేసేవాళ్ళ కోసం. దరఖాస్తు ఇంగ్లీషులోగానీ, హిందీలోగానీ, ఆ ప్రాంతపు అధికార భాషలోగానీ ఉండాలి. అంటే నెల్లూరుకు తెలుగులో రాయండి, చెన్నై ఆఫీసుకు మాత్రం తెలుగులో రాయకండి. ఆంధ్రాలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు.

“చెరువు వివరాలు ఇవ్వండి” అని రాయొద్దు. “ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఆర్.ఎస్.ఆర్. సర్టిఫైడ్ నకలు” అని రాయండి. పక్కనే “రికార్డు తనిఖీకి కూడా అనుమతించండి” అని చేర్చండి, సెక్షన్ 2(జె) ప్రకారం ఆ హక్కుంది. “ఫైలు దొరకడం లేదు” అని జవాబొస్తే అక్కడితో వదలకండి. ఫైలు కనబడకపోవడం చట్టంలో చెప్పిన మినహాయింపు కాదని, వెతికించి బాధ్యులను తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఒకటుంది. 2023 డేటా రక్షణ చట్టం ఆర్టీఐలోని 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారం అన్నమాటే చాలు, కాదనడానికి. పట్టాదారు పేరు అడిగితే దీన్ని చూపిస్తారు. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వొచ్చనే 8(2) ఇంకా ఉంది, అప్పీల్లో దాన్ని ఎత్తండి.

వేళచ్చేరి వెబ్బు:
పాతవే పోతాయనుకోకండి. ఆంధ్రా జీవోల సైటు గుర్తుందా? 2021 ఆగస్టులో జీవోలు పెట్టడం ఆపేశారు, మళ్ళీ 2024లో మొదలుపెట్టారు. ఆ మూడేళ్ళూ లింకు మాత్రమే దాచుకున్నవాళ్ళకు చుక్కలు కనబడ్డాయి. నేనైతే ప్రభుత్వ పేజీ ఏది తెరిచినా ముందు పీడీఎఫ్ దించుకుంటాను, తర్వాత ఆ చిరునామాను, వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేస్తాను.

పాతకాగితం:
వేబ్యాక్ ఒక్కటే నమ్ముకోకండి తమ్ముడూ. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి, దాన్ని నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటే కొన్నాళ్ళు మూతపడింది. పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథ తెలుసుగా? అసలు సైటు పోయింది, ఎవరో ముందే కాపీ తీసి ఆర్కైవ్‌లో పెట్టబట్టి మన తెలుగు పుస్తకాలు మిగిలాయి. బాస్వెల్ రాసిన 1873 నాటి నెల్లూరు జిల్లా మాన్యువల్ ఆన్‌లైన్లో ఉంది కిట్టు గారూ, చెరువుల గురించి చాలా ఉంది, ఈలోపు చూడండి.

కోడంబాకం కిట్టు:
అందరికీ చాలా థాంక్స్. మా మామయ్యకు ఫోన్ చేశాను, రైత్వారీ ఊరేనట. డైగ్లాట్ కోసం ఆర్టీఐ ఆయన పేరున వేయిస్తున్నాం. ఎగ్మూరు నేను చూసుకుంటాను. ఒక డౌటు, ఆర్కైవ్స్‌లో ఫోన్‌తో ఫోటో తీసుకోనిస్తారా?

పాతకాగితం:
కౌంటర్లో అడగండి, తీయొద్దంటే తీయకండి. ఎలాగూ ఎమ్మార్వోకు కావలసింది సర్టిఫైడ్ నకలు, ఫోటో కాదు. ఆధార్ జెరాక్సు, ఎందుకు చూడాలనుకుంటున్నారో ఒక దరఖాస్తు పట్టుకెళ్ళండి. పెన్సిలు కూడా.