ఐదో నెలలో చేపల పులుసు

ప్రశ్న: మాది కావలి. నా భార్యకు ఐదో నెల. పోపు వాసన పడట్లేదని వంట నేనే చేస్తున్నా. నిన్నటి నుంచి మామిడికాయ వేసిన చేపల పులుసు అడుగుతోంది. వంజరం తేవచ్చా? హిమోగ్లోబిన్ 9.8 ఉంది, అదొక టెన్షన్.

జవాబు: తమ్ముడూ, చేప మంచిదే. వంజరం పెద్ద చేప, పాదరసం ఎక్కువ, ఇప్పుడు వద్దు. శీలావతి తెచ్చుకో. పులుసు బాగా మరిగాక ముక్కలు వేసి, లోపలిదాకా ఉడకనివ్వు. అమ్మాయి వరండాలో ఉన్నప్పుడు పోపు పెట్టు. ఒంగోలులో మా ఆయన నాకోసం మూడు నెలలు అలాగే చేశారు, ఇప్పటికీ మర్చిపోలేను. మన వైపు మర్నాటి పులుసే రుచి అంటాం కదా, ఈసారి మాత్రం రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున తెర్లించి వడ్డించు.

ఇంకో జవాబు: ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, గంటైనా ఎడం ఉండాలి. నిమ్మరసంతో మంచిది. కాల్షియం మాత్ర వేరే పూట. 9.8 సంగతి డాక్టరమ్మకు తప్పక చెప్పండి.

ప్రశ్న అడిగినవాడిని: మేం మాత్ర టీతోనే వేస్తున్నాం అక్కా! ఈరోజే మార్చాను. శీలావతి తెచ్చా. చాన్నాళ్లకు రెండోసారి అన్నం పెట్టించుకుంది.