అప్‌డేట్: ఏషియన్ రెస్టారెంట్లలో తింటే పెదాలు వాస్తున్నాయన్నాను కదా, కారణం దొరికింది

ఆఫీసు పని మీద వెళ్లిన ఊళ్లలో కొత్త థాయ్, కొరియన్ రెస్టారెంట్లు ట్రై చేసినప్పుడల్లా పెదాలు దురద పెట్టి వాస్తున్నాయని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. అలర్జీ డాక్టర్‌ని కలవమన్న సలహానే పనిచేసింది. ముంజేతి మీద రకరకాల ఆహార పదార్థాల ద్రావణాల చుక్కలు వరసగా వేసి సూదితో గుచ్చారు, పావుగంటకి రొయ్యల చుక్క దగ్గర మాత్రం దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. నేనెప్పుడూ రొయ్యలు ఆర్డరే చేయలేదు! కానీ థాయ్ కూరల్లో వేసే మసాలా ముద్దలో చాలావరకు రొయ్యల పేస్టు ఉంటుంది, కిమ్చీలోనూ (కొరియన్ల పులియబెట్టిన కూరగాయల పచ్చడి) చాలాచోట్ల ఉప్పు రొయ్యలు కలుపుతారు, పైకి కూరగాయలే కనిపించినా సరే. అజినమోటో, వేరుశెనగ కారణం కాదని తేలింది. ఇప్పుడు ఆర్డరిచ్చే ముందే వంటవాళ్లని అడిగించుకుంటున్నాను, డాక్టర్ రాసిన మందు బ్యాగులోనే ఉంటోంది. నాలుగు ట్రిప్పులయ్యాయి, మళ్లీ రాలేదు.