ట్రపీజియస్‌ను కదిలించేది ఒక్క నాడేనా? మూడవ, నాలుగవ గ్రీవ నాడుల పాత్రపై చర్చ

మొదటి బెంచీ (చర్చ ప్రారంభం)

వీపు పై పొరలోని కండరాలను చదివేటప్పుడు, మెడ నుంచి వీపు మీదుగా భుజానికి పరుచుకునే ట్రపీజియస్ కండరం దగ్గర మేమందరమూ ఒకే వాక్యాన్ని కంఠస్థం చేశాం. ఆ కండరాన్ని కదిలించేది పదకొండవ కపాల నాడి, అంటే స్పైనల్ యాక్సెసరీ నాడి అనీ, మూడవ, నాలుగవ గ్రీవ (మెడ) నాడులు మోసుకుపోయేది కండరం ఏ స్థితిలో ఉందో మెదడుకు తెలిపే సంవేదన మాత్రమే అనీ ఆ వాక్యం చెబుతుంది. కానీ మెడ శస్త్రచికిత్సల గురించి చదివితే, యాక్సెసరీ నాడిని పూర్తిగా తీసివేసిన తరువాత కూడా కొందరిలో ట్రపీజియస్ పై భాగం ఎంతో కొంత పనిచేస్తూనే ఉంటుందని కనిపిస్తోంది. అలాంటప్పుడు పరీక్షల్లో 'సంవేదన మాత్రమే' అన్నదే సరైన జవాబుగా కొనసాగడం న్యాయమేనా? కాదని నా అభిప్రాయం. బోధించేవారూ, శస్త్రచికిత్సలు చేసేవారూ ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

గొంతుచెవి

తల, మెడ క్యాన్సర్ శస్త్రచికిత్సలు చేసేవాడిగా చెబుతున్నాను: మీరు పేర్కొన్న ఆధారం చూడడానికి కనిపించినంత బలమైనది కాదు. సర్జన్లు జార్జ్ క్రైల్ 1906లో వివరించి, హేయెస్ మార్టిన్ 1951 నాటికి స్థిరపరచిన రాడికల్ నెక్ డిసెక్షన్‌లో (క్యాన్సర్ కోసం మెడ గ్రంథులను తీసే శస్త్రచికిత్సలో) లింఫు గ్రంథులతో పాటు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ కండరం, లోపలి జుగులర్ సిర, యాక్సెసరీ నాడి కూడా పోయేవి. ఆ రోగుల భుజం కిందికి జారి, చేయి పక్కకు ఎత్తడం కష్టమై, మొండి నొప్పి పట్టుకునేది. 1960లలో అర్జెంటీనాలో ఓస్వాల్డో స్వారెజ్, ఇటలీలో ఎత్తోరె బొక్కా నాడిని కాపాడే పద్ధతుల వైపు మళ్లడానికి ఈ బాధ కూడా ఒక కారణం. గ్రీవ నాడుల నుంచి నమ్మదగిన చలన సరఫరా ఉండి ఉంటే ఇంతమందికి భుజం ఎందుకు పడిపోయింది?

ఇక 'భుజం ఎగరేయగలుగుతున్నారు' అన్న మాటకు వస్తాను. ట్రపీజియస్ కింద దాగి ఉండే లెవేటర్ స్కాపులే కండరం మొదటి నాలుగు గ్రీవ వెన్నుపూసల పక్క కొమ్మల నుంచి బయలుదేరి భుజఫలకం (భుజం వెనుక ఉండే చదునైన ఎముక) పై మూలకు అతుక్కుంటుంది. దానికి మూడవ, నాలుగవ గ్రీవ నాడుల నుంచే నేరుగా శాఖలు వెళతాయి, డోర్సల్ స్కాపులర్ నాడి కూడా తోడవుతుంది. యాక్సెసరీ నాడి తెగినా ఈ కండరం చెక్కుచెదరదు, భుజాన్ని పైకి లాగుతూనే ఉంటుంది. చూసేవారు దాన్ని ట్రపీజియస్ ఖాతాలో వేస్తున్నారు.

ఛేదశాల

అనాటమీ బోధించేదానిగా గొంతుచెవి గారి చివరి మాటను పూర్తిగా ఒప్పుకుంటాను, మొదటి మాటను ఒప్పుకోను. చాలామందికి భుజం పడిపోయిందంటే యాక్సెసరీ నాడే ప్రధానమని రుజువవుతుంది, అంతే. మిగిలిన నాడుల వాటా సున్నా అని దాని నుంచి తేలదు.

అసలు ఈ నాడి పుట్టుకను చూడండి. దాని చలన కణాలు మెదడు కాండంలో కాక, వెన్నుపాములోని పై ఐదు గ్రీవ ఖండాలలో ఉంటాయి. అక్కడి నుంచి పోగులు పక్కగా బయటికి వచ్చి, పైకి ఎక్కి, కపాలం అడుగున ఉన్న పెద్ద రంధ్రం, ఫొరామెన్ మాగ్నమ్ ద్వారా లోపలికి చేరి, అక్కడే ఉన్న జుగులర్ రంధ్రం గుండా మళ్లీ మెడలోకి దిగుతాయి. అంటే ట్రపీజియస్‌ను నడిపే కణాలలో కొన్ని ఎలాగూ మూడవ, నాలుగవ ఖండాలలోనే కూర్చుని ఉన్నాయి. వాటిలో కొన్ని పోగులు ఈ చుట్టుదారి పట్టకుండా, తమ ఖండానికి చెందిన గ్రీవ నాడి ద్వారా నేరుగా బయటికి రావడంలో పిండశాస్త్ర దృష్ట్యా అసంభవమైనది ఏదీ లేదు.

డిసెక్షన్ బల్ల మీద మనం చూసేది ఏమిటి? ట్రపీజియస్ లోపలి ముఖం మీద యాక్సెసరీ నాడి, గ్రీవ శాఖలు ఒకదానితో ఒకటి కలిసి వల అల్లుకుంటాయి. ఆ శాఖలో ఉన్న పోగు చలనానిదా, సంవేదనదా అన్నది ఫోర్సెప్స్‌తో పట్టుకుని చెప్పడం ఎవరి తరమూ కాదు. 'సంవేదన మాత్రమే' అని రాసిన తొలి పుస్తకాలకు కంటితో చూసిన ఆధారం ఇంతకన్నా ఎక్కువేమీ లేదు. తరువాత నెక్ డిసెక్షన్ జరుగుతుండగా గ్రీవ శాఖలను విద్యుత్తుతో ప్రేరేపించి చూసినప్పుడు కొందరిలో ట్రపీజియస్ స్పందించింది, కొందరిలో స్పందించలేదు. స్పందించినవారిలోనూ అది యాక్సెసరీ నాడిని ప్రేరేపించినప్పటి కన్నా బలహీనంగా, కండరంలోని అన్ని భాగాలలో సమానంగా కాకుండా కనిపించింది. మనిషి మనిషికీ మారే సరఫరా ఉంటే ఫలితాలు ఇలాగే ఉంటాయి.

గొంతుచెవి

స్పందనను చర్మం మీద అతికించిన ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే, కింద ఉన్న లెవేటర్ స్కాపులే సంకేతమూ అందులో కలుస్తుంది కదా, మేడం? మూడవ, నాలుగవ నాడులను ప్రేరేపిస్తే ఆ కండరం కదలకుండా ఎలా ఉంటుంది?

ఛేదశాల

కలుస్తుంది, అందుకే కండరంలోకి సూది ఎలక్ట్రోడ్ గుచ్చి తీసిన కొలతలకే విలువ ఇవ్వాలి. ఆరవ ఉరో (ఛాతీ) వెన్నుపూసకు దిగువన, ట్రపీజియస్ కింది పోగులలో కొలిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే అక్కడ లెవేటరూ లేదు, వెన్నును భుజఫలకానికి కలిపే రాంబాయిడ్ కండరాలూ లేవు. గ్రీవ శాఖలను ప్రేరేపించినప్పుడు ఆ పోగులలో సంకేతం వస్తే దాన్ని పొరుగు కండరం మీదికి నెట్టలేము.

భుజబలం

ఫిజియోథెరపిస్టుగా ఒక మాట. మీ వాదమంతా భుజం ఎగరేయడం చుట్టూ తిరుగుతోంది, కానీ ట్రపీజియస్‌ను పరీక్షించడానికి అది చాలా బలహీనమైన పద్ధతి. 1994లో జాన్సన్, బాగ్‌డుక్ బృందం ఈ కండరం పోగుల దిశను జాగ్రత్తగా పరిశీలించి, పై పోగులు చాలావరకు అడ్డంగా నడిచి కాలర్ బోన్‌కు చేరుతాయనీ, అవి భుజాన్ని నిటారుగా పైకి లాగే తాళ్లు కావనీ చూపింది. ట్రపీజియస్ అసలు బలం, పక్కటెముకల నుంచి భుజఫలకానికి వెళ్లే సెరేటస్ యాంటీరియర్ కండరంతో జతకట్టి భుజఫలకాన్ని పైకి తిప్పడంలో ఉంది. లెవేటర్ స్కాపులే భుజఫలకాన్ని ఎత్తుతుంది గాని, తిప్పేది కిందివైపుకే. కాబట్టి లెవేటర్ ఎంత బలంగా ఉన్నా చేయిని తల మీదికి తీసుకువెళ్లడంలో సాయం చేయలేదు.

రోగిని చేయి పక్కకు ఎత్తమని చూడండి. మోచేతిని ఒంటికి ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమని, మనం ఎదురు ఒత్తిడి పెట్టి చూడండి. భుజఫలకం లోపలి అంచు వీపు నుంచి పైకి లేచిందంటే ట్రపీజియస్ పనిచేయడం లేదు, భుజం ఎంత ఎగరేసినా సరే.

ఇంకో విషయం. మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్లే నాడుల వల) చిరిగిన యువకులకు యాక్సెసరీ నాడి చివరి భాగాన్ని కత్తిరించి, భుజం కండరాలకు వెళ్లే సుప్రాస్కాపులర్ నాడికి కలుపుతారు. వారి భుజం పెద్దగా జారకపోవడాన్ని గ్రీవ నాడులకు సాక్ష్యంగా కొందరు చూపుతారు. అది సాక్ష్యం కాదు. పై పోగులకు వెళ్లే శాఖలు విడిపోయాక, దిగువనే కత్తిరిస్తారు కాబట్టి పై ట్రపీజియస్ యాక్సెసరీ నాడితోనే బతుకుతోంది.

మొదటి బెంచీ

అలాగైతే గొంతుచెవి గారూ, మీ అభ్యంతరం శాస్త్రానికి సంబంధించినదా, లేక భద్రతకు సంబంధించినదా?

గొంతుచెవి

సగం సగం. కొలతల విషయంలో మేడం చెప్పినదానికి తలవంచుతాను. నా భయం వేరు. మన ప్రాంతంలో గుట్కా, ఖైనీ, ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట వల్ల నోటి క్యాన్సర్లు ఎక్కువ. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి దశ నోటి క్యాన్సర్‌లో మెడ గ్రంథులను ముందుగానే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉంటే, గ్రంథులు వాచేదాకా ఆగినవారిలో ఆ సంఖ్య 67.5 శాతం. కాబట్టి వ్యాధి చేరని మెడలను కూడా ఇప్పుడు తెరుస్తున్నాం, ఆ రోగులు ఎన్నో ఏళ్లు బతుకుతారు, ఆ ఏళ్లన్నీ ఆ భుజంతోనే. దీనికి తోడు, క్షయ గ్రంథి అనుమానంతో మెడ పక్కన చిన్న కోత పెట్టి బయాప్సీ తీసేటప్పుడు, చర్మం కింద అంత లోతు లేకుండా పోయే ఈ నాడి తెగడం కొత్తేమీ కాదు. 'గ్రీవ నాడులు చూసుకుంటాయిలే' అన్న ధీమా ఒక్క జూనియర్ వైద్యుడికి కలిగినా నష్టమే.

ఛేదశాల

ఆ భయం న్యాయమైనదే, కానీ దానికి మందు తప్పు వాక్యాన్ని కాపాడడం కాదు. గ్రీవ శాఖలు సంవేదనవే అని నేర్పడం వల్ల వాటిని నిశ్చింతగా కోసేవారూ ఉన్నారు కదా! యాక్సెసరీ నాడిని మిగిల్చి, దానితో కలిసే శాఖలను తీసేసిన మెడలో భుజం బలహీనపడితే, ఆ కారణాన్ని వెతకాలన్న ఆలోచన కూడా రాదు. నా తరగతిలో నేను చెప్పేది ఇది: ప్రధాన చలన నాడి యాక్సెసరీ. మూడవ, నాలుగవ గ్రీవ నాడులు సంవేదనను మోస్తాయి, కొందరిలో స్వల్పంగా చలన పోగులను కూడా మోస్తాయి, ఎవరిలో అన్నది ముందుగా తెలియదు కాబట్టి రెండింటినీ కాపాడాలి.

ప్రశ్నపత్రం తయారుచేసేవారికి నా విన్నపం కూడా ఒకటే. 'ప్రధాన చలన నాడి ఏది?' అని అడగండి, వివాదం ఉండదు. 'సంవేదన మాత్రమే' అన్న ఐచ్ఛికాన్ని తొలగించండి.

భుజబలం

దానితో పాటు ప్రాక్టికల్స్‌లో 'భుజాలు ఎగరేయండి' అని మాత్రమే అడిగి పదకొండవ నాడి బాగుందని రాసేవారికి సగం మార్కులే ఇవ్వండి, మేడం.