రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ రోజువారీ అద్దెకు: మొదటి గెస్ట్ దిగేలోగా ఏమేం సిద్ధం చెయ్యాలి?

ప్రశ్న:
ఫ్లాట్‌ని ఎయిర్‌బీఎన్‌బీలోనూ, ఇంకో సైట్‌లోనూ పెడదామనుకుంటున్నాం. నలుగురు పడుకోవచ్చు. దుప్పట్లు, తువ్వాళ్లు ఎన్ని కొనాలి? చెక్‌అవుట్‌కీ చెక్‌ఇన్‌కీ మధ్య ఎంత టైమ్ ఉంచాలి? తాళం ఇవ్వడానికి అక్కడ ఎవరూ ఉండరు, డిజిటల్ లాక్ పెడితే సరిపోతుందా?

జవాబు 1:
మంచానికి మూడు సెట్లు కావాలండీ. ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. రెండే ఉంటే బట్టలు ఆరని రోజున చిక్కొస్తుంది. తెల్ల కాటనే తీసుకోండి. మరక పడితే వేడినీళ్లకీ బ్లీచ్‌కీ తట్టుకుంటుంది, ఒకటి చిరిగినా జత వెతుక్కోనక్కర్లేదు. తువ్వాళ్లు మనిషికి రెండు చొప్పున సెట్టుకి 8, మూడు సెట్లకి 24. వాటికి ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వాడొద్దు. నూలు మీద పొర పేరుకుని నీళ్లు పీల్చవు. మేకప్ తుడుచుకోడానికి ముదురు రంగు చిన్న తువ్వాలు విడిగా పెడితే తెల్లవి పాడవకుండా ఉంటాయి. పరుపుకీ దిండ్లకీ జిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ కవర్లు మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. దుప్పటి ఉతుక్కోవచ్చు, పరుపుని ఉతకలేం కదా.

చెక్‌అవుట్ 11కి, చెక్‌ఇన్ 3కి పెట్టండి. నాలుగు గంటలు ఎక్కువనిపిస్తుంది గానీ, ఒక్కరే శుభ్రం చేస్తే చాలా భాగం దానికే పోతుంది. ముందు దుప్పట్లన్నీ తీసి మెషీన్‌లో వెయ్యాలి. తర్వాత బాత్రూమ్‌లో క్లీనర్ చల్లి వదిలేసి వంటగదికి వెళ్లాలి. లేబుల్ మీద రాసినంతసేపు తడిగా ఉంటేనే అది క్రిముల్ని చంపుతుంది. చల్లిన వెంటనే తుడిచేస్తే వాసన తప్ప ఏమీ మిగలదు. నేల ఆఖర్న. వెళ్లేముందు బాత్రూమ్ జాలీలో వెంట్రుకలు చూడండి, అందరూ మర్చిపోయేది అదే.

జవాబు 2:
లాక్ గురించి: వైఫై పోయినా కోడ్ పనిచేసే రకమే కొనండి, అంటే కోడ్‌లు లాక్‌లోనే సేవ్ అవ్వాలి. ప్రతి గెస్ట్‌కీ వేరే కోడ్, చెక్‌అవుట్ టైమ్‌కి అది రద్దయ్యేలా పెట్టాలి. కంపెనీ వేరే చెప్పకపోతే ఆల్కలైన్ బ్యాటరీలే వాడండి. రీఛార్జబుల్‌వి చివరిదాకా బాగానే ఉన్నట్టుండి ఒక్కసారి పడిపోతాయి, లాక్‌కి ముందుగా హెచ్చరించే వీలుండదు. మామూలు తాళంచెవి ఒకటి నంబర్ లాక్‌బాక్స్‌లో, తలుపు బయట ఉండాల్సిందే.

రెండు సైట్‌లన్నారు కాబట్టి ఇంకోటి. రెండు సైట్‌ల బుకింగ్ క్యాలెండర్లనీ కలిపే లింక్‌లు వెంటనే అప్‌డేట్ అవ్వవు, ఒక్కోసారి గంటలు పడుతుంది. ఆ సందులో ఒకే రాత్రికి రెండు బుకింగ్‌లు పడతాయి. ఛానెల్ మేనేజర్ (అన్ని సైట్‌ల బుకింగ్‌లనీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్) తీసుకునేదాకా ఏ రోజు బుకింగ్ ఆ రోజు తీసుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. హాల్లో కెమెరా పెట్టొచ్చా? సామాను పాడైతే ఎలా?

జవాబు 3:
ఇంటి లోపల కెమెరా వద్దే వద్దు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి పూర్తిగా నిషేధించింది. గుమ్మం బయట ఉంటే ఎక్కడుందో లిస్టింగ్‌లో రాయాలి.

సామాను సంగతికొస్తే, ప్రతి గెస్ట్‌కి ముందూ వెనకా ఫోటోలు తియ్యండి: సోఫా, టీవీ, స్టవ్, గోడలు, పరుపు. ఎయిర్‌బీఎన్‌బీలో నష్టపరిహారం చెక్‌అవుట్ అయిన 14 రోజుల్లోగా అడగాలి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ చాలావరకు ఇలాంటి అద్దెకి వర్తించదు, పాలసీ చూసుకోండి. అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో, మీ ఊళ్లో లైసెన్స్ కావాలో లేదో సామాను కొనకముందే కనుక్కోవాలి. పొగ అలారం ప్రతి బెడ్‌రూమ్‌లో పెట్టండి. గ్యాస్ గీజర్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి, ఆ వాయువుకి వాసన ఉండదు.